పందెపు దారియు, కొండదారియు

గత వేసవి సెలవులలో దోర్నాల నుండి శ్రీశైలమునకు బస్సులో పోవుచుండగా నొక దృశ్యమును చూచితిని. శిఖరేశ్వరమునకు చేరువలో, ఎదుట వచ్చునది కానరాని మలుపువద్ద, ముగ్గురు బాలురు ఒకే మోటారుసైకిలుపై మా బస్సును దాటిపోయిరి. అదే క్షణమున ఎదురుగా నొక జీపు వచ్చెను. ఆ డ్రైవరు బండిని రోడ్డు అంచునకు త్రిప్పి నిలిపినందున ముగ్గురును బ్రతికిరి. బస్సులోని పెద్దలు ఆ బాలురను తిట్టిరి. వారికి బండి యిచ్చిన తండ్రులను మఱియు తిట్టిరి. నా కన్ను మాత్రము వెనుక కూర్చున్న బాలుని చొక్కాపై నిలిచెను. దానిపై పందెపు కారు బొమ్మ యుండెను.

ఆ బాలుడు పందెగానిని మెచ్చుకొనుచున్నాడు. అందు దోషము లేదు. కాని ఆ పందెగానిలో మెచ్చుకొనదగిన దేదో అతడెఱుగడు. అది యెఱిగినవాడు ఆ మలుపున బస్సును దాటడని నా నమ్మకము. అందుచేత ఒక నిజమైన పందెగాని చరిత్రమును మన విద్యార్థుల ముందుంచి, దానినుండి నాకు తోచిన అభిప్రాయమును తెలుపదలచితిని.

తెలుగు కుటుంబములు తరతరములుగా స్థిరపడియున్న కోయంబత్తూరు నగరమునకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 1977వ సంవత్సరము జనవరి 14న జన్మించెను. తండ్రియు ర్యాలీ పోటీలలో పేరొందినవాడే. అదే నగరవాసియగు కరివర్ధన్ అను ఉత్సాహవంతుడు మారుతి 800 యింజనుతో స్వల్పవ్యయమున నొక చిన్న పందెపు కారును రూపొందించెను. మన దేశమున మోటారు పందెములకు అది తొలి బడి వంటిది. నారాయణుడు ఆ బండి తోనే పందెములలో ప్రవేశించెను.

1992లో, అనగా తన పదునైదవ యేట, అతడు ఫ్రాన్సు దేశమునకు పోయి విన్‌ఫీల్డు అను పందెపు పాఠశాలలో చేరెను. చదువరులారా, ఈ మాటను గమనింపుడు. పదునైదేండ్ల బాలుడు బండి నడిపినాడు, నిజమే. కాని ఎక్కడ నడిపినాడు? పాఠశాలలో, గురువుల యెదుట, ఎదురుబండి రాని దారిపై నడిపినాడు. మన పదునైదేండ్ల బాలుడు నడుపుచున్నది ఘాటురోడ్డుపై. ఇద్దఱికిని వయస్సొక్కటే గాని తక్కిన దేదియు ఒక్కటి కాదు.

అట్టి బడులలో మొదట నేర్పునది వేగము కాదు, బ్రేకు. మలుపు రాకమున్నే, దారి తిన్నగా నున్నప్పుడే, బండి వేగమును తగ్గింపవలెను. తరువాతనే చక్రము త్రిప్పవలెను. దారి మరల తిన్నబడుచున్నట్లు కనబడిన పిమ్మటనే వేగము పెంపవలెను. మలుపులో తొందరపడువాడు మలుపు దాటిన పిమ్మట వెనుకబడును. మన ఘాటురోడ్డుపై నలువది యేండ్లుగా బస్సు నడుపువారు ఇదే నియమమును మఱియొక మాటతో చెప్పుదురు: ఎక్కిన గేరులోనే దిగవలెనని. బ్రేకులు కాగిపోకుండుటకు అదియే ఉపాయము. ఫ్రాన్సు దేశపు గురువును, మన దోర్నాల బస్సు డ్రైవరును ఒకరినొకరు ఎఱుగరు. అయినను వారు నేర్పునది ఒక్కటే విద్య.

పిమ్మట నారాయణుడు ఇంగ్లండులో మెట్టుమెట్టుగా ఎక్కెను. 1994లో బ్రిటిషు ఫార్ములా ఫోర్డు శీతకాలపు పోటీలలో గెలిచి, ఐరోపాలో చాంపియనైన తొలి భారతీయుడయ్యెను. 1996లో ఫార్ములా ఆసియా చాంపియనయ్యెను. 2001 జూనులో సిల్వర్‌స్టోను దారిపై ఫార్ములా వన్ కారును పరీక్షార్థము నడిపెను. కాని అసలైన ఫార్ములా వన్ పందెములో అడుగిడుటకు మఱి నాలుగేండ్లు పట్టెను. 2005 మార్చి 6న ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నునందు ఆ గౌరవము లభించెను. అప్పటికి అతనికి ఇరువదియెనిమిదేండ్లు. పాఠశాలలో చేరిన నాటినుండి పదుమూడేండ్ల నిరీక్షణ!

అంతటితో జయభేరి మ్రోగెనని తలపకుడు. అదే సంవత్సరము అమెరికాలోని ఇండియానాపొలిసు పందెములో అతడు నాలుగవవాడుగా వచ్చి 5 పాయింట్లు గడించెను. ఫార్ములా వన్‌లో భారతీయుడు పాయింటు పొందుట అదే ప్రథమము. అయితే ఆ దినమున టైర్ల చిక్కువలన ఆరు కార్లే పోటీ చేసెనను నిజమును దాచరాదు. 2009లో లె మాన్సునందలి ఇరువదినాలుగు గంటల పందెము ఆరంభమగుటకు కొలదిసేపటికి ముందు పిట్ గోడవద్ద జాఱిపడి భుజము కీలు తప్పినందున, పందెములో పాల్గొనలేక కూర్చుండెను. తోటివారిద్దఱే దానిని ముగించిరి. 2010లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. మరుసటి సంవత్సరము వలెన్సియాలో ఇరువదినాలుగు కార్లు బయలుదేఱి ఇరువదినాలుగును గమ్యము చేరెను. మన నారాయణుడు ఇరువదినాలుగవవాడు! ఫార్ములా వన్ చరిత్రలో అంతకంటె వెనుకటి స్థానమున పందెము ముగించినవారు లేరు. పద్మశ్రీ పొందినవాడు కడపటివాడుగా వచ్చినను పందెములను విడువలేదు. చిన్నతనము పడి బండి దిగిపోలేదు.

ఇక అతని జీవితమున నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము వచ్చుచున్నది. టూరింగు కార్ల పందెములనగా మనము రోడ్డుపై చూచు కార్ల రూపమును పోలిన బండ్లతో జరుపు పందెములు. అట్టివాటిలో జర్మనీవారి పందెమాల మిక్కిలి ప్రసిద్ధమైనది. 2019 నవంబరులో ఆ జర్మను కార్లును, జపానువారి సూపర్ జీటీ కార్లును జపానులోని ఫుజీ దారిపై కలిసి పోటీ చేసెను. 24వ తేది ఆదివారమునాటి రెండవ పందెమున జపానువారి హోండా కారు నడిపి ప్రథముడుగా వచ్చినవాడు నారాయణ్ కార్తికేయన్. అప్పుడతని వయస్సు నలువదిరెండేండ్లు. అందఱికంటె వెనుక వచ్చిన దినమునకు ఎనిమిదేండ్ల తరువాత, రెండు దేశముల మేటి పందెగాండ్రను దాటి వచ్చిన దినమిది. ఇరువదినాలుగవ స్థానమున గమ్యము చేరుట నేర్చినవానికే ఇట్టి దినము లభించునని నా అభిప్రాయము.

కొందఱు పెద్దలు ఈ క్రీడయే వ్యర్థమందురు. ధనవ్యయము, ప్రాణభయము తప్ప దీనివలన ఫలమేమని అడుగుదురు. వ్యయము మిక్కుటమన్నది సత్యమే. సామాన్య కుటుంబము భరించునది కాదు. కాని వ్యర్థమని నేననను. ఏలయన, క్రమశిక్షణను పందెపు దారి నేర్పినట్లు నేర్పు క్రీడలు కొన్నియే. పసుపు జెండా కనబడినచో ఎంతటి వీరుడైనను ముందువానిని దాటరాదు. ఎఱ్ఱ జెండా కనబడినచో పందెము నిలిచిపోవలెను. నీలి జెండా చూపినచో వెనుకవచ్చు వేగవంతునికి దారి యియ్యవలెను. బండ్లు మరమ్మతునకు ఆగు పిట్ దారిలో చాంపియనునకు సైతము వేగపు హద్దు కలదు. మీఱినచో శిక్ష తప్పదు. తలకు హెల్మెటు, మెడకు రక్ష, దేహమునకు నిప్పంటని దుస్తులు, సీటునకు బంధించు పట్టీలు లేనివానిని దారిపై అడుగిడనియ్యరు. ప్రపంచమున అతివేగముగా పోవువారు ఇన్ని నియమములకు తలయొగ్గుచుండగా, తలపై టోపియైన లేక ముగ్గురెక్కి పోవువాడు తనను పందెగాడనుకొనుట హాస్యాస్పదము కాదా?

మఱియొక సంగతి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదున హుస్సేను సాగరు తీరమున విద్యుత్తు కార్ల పందెము జరిగెను. అది మనుష్యులు నిత్యము నడచు రోడ్డే. కాని ఆ రోడ్డును పందెమునకు సిద్ధపఱచుటకై రాకపోకలు నిలిపి, ఇరుప్రక్కల గోడలును, ఇనుప కంచెలును నిలిపి, జెండాలు చేతబూనిన కాపరులను, వైద్యులను నియమించిరి. మన కొండదారికి ఇవియెక్కడివి? దోర్నాలనుండి సుమారు 50 కిలోమీటర్ల నల్లమల దారిలో ఒక ప్రక్క కొండ, మఱియొక ప్రక్క లోయ. సున్నిపెంటనుండి లింగాలగట్టునకు దిగి, కృష్ణ దాటి, ఈగలపెంట కెక్కు దారియు అట్టిదే. కోతులు అడ్డము వచ్చును. కణుజులును, చిఱుతలును దాటును. శివరాత్రికిని, ఉగాదికిని వేలకొలది భక్తులు కాలినడకను వత్తురు. మలుపునకు ఆవల నున్నది బిడ్డనెత్తుకొని నడచు తల్లి కావచ్చును. ఆమెకు పసుపు జెండా చూపువాడు లేడు.

ఇప్పుడు తలిదండ్రులతో ఒక మాట. పదునెనిమిదేండ్లు నిండనిదే గేరు బండి నడుపుటకు లైసెన్సు లేదు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, మైనరు బండి నడిపి నేరము చేసినచో తండ్రికో, బండి యజమానికో 3 సంవత్సరముల వఱకు జైలును, 25,000 రూపాయల జరిమానాయు కలవు. బండి రిజిస్ట్రేషను ఒక సంవత్సరము రద్దగును. ఆ బాలునకు ఇరువదియైదేండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు. రోడ్డుపై అనుమతి లేక పందెములు వేయుటయు నేరమే. అయితే చట్టమునకు భయపడి తాళము దాచుమని నేను చెప్పుట లేదు. అంగడినుండి ఉప్పు తెమ్మని బండి తాళము చేతికిచ్చునది మనమే. కొడుకు బండి తోలగా చూచి మురియునదియు మనమే. ఆ మురిపెమునకు మూల్యము చెల్లించునది మనము కాదు, బాలుడు.

ఉపాధ్యాయులమైన మాకును పని కలదు. వేగమునందు ఆసక్తిగల బాలుని చూచి అల్లరివాడని ముద్రవేయుట సులభము. దానికంటె, మలుపులో బండి యేల జాఱును, తడిరోడ్డుపై బ్రేకు యేల పట్టదు, భారము పెరిగినకొలది ఆగు దూరమేల పెరుగును అను ప్రశ్నలను భౌతికశాస్త్రపు గంటలో అతనికే ఇచ్చి చూడుడు. యింజను విప్పి చూపు మెకానిక్కువద్దకు ఒకనాడు తీసికొనిపోవుడు. ఆ ఆసక్తి ఒక యింజనీరును తయారు చేయవచ్చును; అదృష్టము కలిసివచ్చిన పందెగానినే తయారు చేయవచ్చును.

విద్యార్థులారా, ఆ జీపు డ్రైవరు పేరు నేనెఱుగను. అతనికి బిరుదములు లేవు. కాని ఆ దినమున ఆ మలుపులో నలుగురు వాహనదారులలో నిజమైన పందెగాని గుణము చూపినవాడు అతడొక్కడే: ముందుగా చూచెను, సమయమున బ్రేకు వేసెను, ఇతరులకు దారి యిచ్చెను, క్షేమముగా గమ్యము చేరెను. పందెపు కారు బొమ్మను చొక్కాపై ధరింపుడు, వలదనను. దానితోపాటు ఆ పందెగాని నిగ్రహమును గూడ ధరింపుడు. కొండదారిలో ప్రథమస్థానమనునది లేదు. సాయంకాలమునకు ఇల్లు చేరిన ప్రతివాడును ప్రథముడే.