మూగవోయిన రౌటరుకు మాట తెప్పించుట

సాఫ్ట్‌వేరు అప్‌డేటు జరుగుచుండగా కరెంటు పోయి, దీపము వెలుగుచునే యున్నను పిలిచిన పలుకక మూగవోయిన రౌటరును సేవాకేంద్రమునకు గొనిపోయినచో, మూతయైన విప్పకయే "బోర్డు పోయిందండీ, కొత్తది కొనుక్కోండి" యని త్రిప్పి పంపుట మనకు పరిపాటియైనది. ఆ తీర్పు పెక్కుమారులు అసత్యమని నా దృఢవిశ్వాసము. చెడినది ఫ్లాష్ మెమరీలోని ప్రధాన ప్రోగ్రాము మాత్రమే. దానికంటె ముందు మేల్కొను బూట్‌లోడరు తరచుగా చెక్కుచెదరక, బోర్డు అంచున వరుసగా నుండు నాలుగు రంధ్రములగుండ, సాధారణముగా సెకనుకు 1,15,200 బిట్ల వేగమున, తన స్థితిని విన్నవించుకొనుచునే యుండును.

ఆ విన్నపమును వినుటకు కోఠీ గుజరాతీ గల్లీవంటి చోట్ల చౌకగా లభించు యూఎస్‌బీ సీరియల్ అడాప్టరు చాలును గాని, అందొక చిక్కు కలదు. 1960 నాటి ఆర్‌ఎస్-232 ప్రమాణము ననుసరించు అడాప్టరు ధనఋణములు రెండు దిక్కులను 15 వోల్టుల దాక పోవచ్చును. రౌటరు చిప్పు సాధారణముగా ఓర్వగలిగినది 3.3 వోల్టులే. నేరుగా తగిలించిన యెడల కొనయూపిరితోనున్న దానిని మనమే చంపినవారమగుదుము. కావున పనితనమెరిగినవారు ముందు అడాప్టరునే మార్చుదురు: తొడుగు విప్పి, వోల్టేజిని పెంచు చిప్పును వేడితో ఊడదీసి, పీఎల్-2303 వంటి యూఎస్‌బీ చిప్పుయొక్క టీఎక్స్ (పంపునది), ఆర్‌ఎక్స్ (అందుకొనునది) కాళ్లకును గ్రౌండుకును వెండ్రుకవంటి తీగెలను సోల్డరు చేసి, వోల్టేజిని మీటరుతో సరిచూచుకొందురు. పిమ్మట అడాప్టరు, రౌటరులలో ఒకదాని టీఎక్స్‌ను మరొకదాని ఆర్‌ఎక్స్‌కు, గ్రౌండును గ్రౌండుకు కలిపి, విద్యుత్తు రంధ్రమును మాత్రము ముట్టక విడిచి, స్విచ్చి వేసినంతనే కంప్యూటరు తెరపై అక్షరములు బారులుతీరును. సరియైన క్షణమున మీట నొక్కి బూట్‌లోడరును నిలిపి, నెట్‌వర్కు తీగెద్వారా క్రొత్త ప్రోగ్రామును పంపుటయే తరువాయి.

ఇంతటి విద్యకు అడ్డుగా నిలుచునది మన అజ్ఞానముకంటె తయారీదారుల మౌనమే. కొందరు ఆ రంధ్రములకు పేర్లు ముద్రింపరు; కొందరు బూట్‌లోడరుకు తాళము వేయుదురు. కొందరు మౌనముతోనే ఆగరు: 2014లో ఇట్టి అడాప్టర్ల చిప్పులను చేయు ఎఫ్‌టీడీఐ సంస్థ తన సీరియల్ చిప్పుల నకళ్లను, తెలియక కొన్నవారి యింటనే, డ్రైవరు ద్వారా నిరుపయోగము గావించి, నిరసన చెలరేగగా దానిని ఉపసంహరించుకొనవలసి వచ్చినది. నకలు చేయుట తప్పే; కాని ధర చెల్లించి తెచ్చుకొన్న వస్తువుపై అమ్మినవానికి ఇంతటి అధికారమెక్కడిది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుకై 2022లో ఒక సంఘమును నియమించి, ఆ యేడే ఒక పోర్టలును నెలకొల్పినది. అది మెచ్చదగిన యారంభమే గాని, వారంటీ వివరములతోడను సేవాకేంద్రముల చిరునామాలతోడను సరిపుచ్చరాదు. ప్రతి రౌటరునకును సీరియల్ రంధ్రముల స్థానము, వాని వోల్టేజి, బూట్‌లోడరును నిలుపు విధానము, మరల ఎక్కింపదగిన ప్రోగ్రాము ప్రతి ఆ పోర్టలునందు బహిరంగముగా నుండవలెనని ప్రభుత్వము శాసింపవలెను. గల్లీలోని మెకానిక్కునకు అదియంతయు తెలుగులోనే లభింపవలెను.