ఈఎంఐ కూడా ప్రార్థనాంశమే

మన బాచుపల్లి సహోదరి ఒకరు మొన్న అడిగారు: "అయ్యగారూ, మోకాళ్ళూనగానే ఫ్లాటు ఈఎంఐ, రాత్రి షిఫ్టు గుర్తొస్తాయి. నాది ప్రార్థనేనా?"

ఆ ఈఎంఐతోనే మొదలుపెట్టమ్మా అన్నాను. మనసులో అదుంటే, నోటితో "పరిశుద్ధుడా, మహోన్నతుడా" అని పావుగంట పలకడం ఎవరి కోసం? ఎవరినో అనడం లేదు. ఆదివారం ప్రసంగపీఠం దగ్గర నా ప్రార్థన ఎంత పొడవో, ఇంట్లో తలుపు వేసుకున్నాక ఎంతో నాకు తెలుసు. లూకా 18లో సుంకరి ప్రార్థన మన తెలుగు బైబిల్లో నాలుగు మాటలే.

ఉన్న అవసరాన్ని ఉన్నట్టు అడిగినవారు మన తెలుగు నేల మీదే ఉన్నారు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థించింది జ్యూయెట్ దొరగారితో కలిపి ఐదుగురే. అప్పటికి ఆ మిషనునే మూసేద్దామన్న మాట నడుస్తోంది. వాళ్ళ మొర ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని. క్లౌ దొరగారు అక్కడ కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు!

నిన్న రాత్రి నేనూ పీఠం భాష పక్కనపెట్టి మోకరించాను. చాలాసేపు మాట రాలేదు. చివరికి వచ్చిన మొదటి మాట, మా అబ్బాయి కాలేజీ ఫీజు.