అత్తగారూ, ఉత్తర ధ్రువకాంతులూ

సంపాదకులుగారు ఈ నెల వడదెబ్బ గురించి రాయమన్నారు. రాస్తాను, వచ్చే నెల. ఈలోగా మొన్న మన సంఘం భోజనాల దగ్గర నలుగురైదుగురు అడిగిన ప్రశ్న ఒకటి బాకీ ఉండిపోయింది. "సూర్యుడి మీద పేలుళ్ళంటున్నారు కదా, మన ఖతార్‌లో ఉత్తర ధ్రువకాంతులు కనబడతాయా?" అని. వైద్యుడికీ ధ్రువకాంతులకీ ఏమిటి చుట్టరికం అంటారా? మా ఇంట్లో అది అత్తగారి వైపునుంచి కలిసింది.

2024 మే 10, శుక్రవారం. అత్తగారు కాకినాడ నుంచి అబూ హమూర్ వచ్చి మూడు వారాలైంది. ఆవిడకు పేస్‌మేకరు ఉంది. ఆ రాత్రి మన గడియారం ప్రకారం ఎనిమిది గంటల ప్రాంతంలో సూర్యుడు విసిరిన మేఘాలు భూమిని తాకాయి. 2003 తర్వాత అంతటి అయస్కాంత తుఫాను రాలేదు. ఆ వేళకే ఆవిడ ఫోనుకు ఎవరో పుణ్యాత్ముడు ఒక కబురు పంపాడు: ఈ రాత్రి పేస్‌మేకర్లు ఆగిపోతాయి, జాగ్రత్త అని. ఆవిడ ఎవరితోనూ అనలేదు. పదకొండు గంటలకు మంచినీళ్ళకని లేచి చూద్దును కదా, హాల్లో దీపం వేసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు.

"బీరువా తాళాలు ఎక్కడున్నాయో అమ్మాయికి చెప్పేశాను, అల్లుడుగారూ" అన్నారు.

నాడి చూశాను. నిక్షేపంలా ఉంది. కాగితం తీసి లెక్క వేసి చూపించాను. ఇక్కడ భూమికున్న అయస్కాంత బలం సుమారు 45 వేల నానోటెస్లాలు. ఆ తుఫాను దాన్ని కదిలించింది ఉజ్జాయింపుగా 400. పేస్‌మేకరు అయస్కాంతానికి స్పందించాలంటే సుమారు 10 గాస్, అంటే 10 లక్షల నానోటెస్లాలు కావాలి. "ఫ్రిజ్ తలుపుకు అంటించిన వెంకన్న బొమ్మ వెనక ఉన్న అయస్కాంతం ఈ తుఫానుకన్నా ఎన్నో రెట్లు గట్టిది, అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ వెళ్ళి ఆ బొమ్మకే దణ్ణం పెట్టుకుని పడుకున్నారు. (దాన్ని మాత్రం గుండెకు హత్తుకోవద్దని చెప్పాను. అది నిజంగానే చెయ్యకూడని పని.) మీ ఇళ్ళలో పేస్‌మేకరు ఉన్న పెద్దవాళ్ళుంటే ఈ లెక్క చదివి వినిపించండి. సూర్యకణాల సంగతంటారా, నేల మీద ఉన్నవాళ్ళకు తలపైన ఉన్న గాలే గొడుగు.

అర్ధరాత్రి మా నాలుగో తరగతి అమ్మాయి, నేను డాబా ఎక్కాం. ఉత్తరాన దోహా దీపాల వెలుగు, దాని మీద దుమ్ము. ఒక గంట నిలబడి దిగివచ్చాం. తెల్లవారేసరికి మయామీ దగ్గర ఉండే మా బావమరిది ఫోటో పంపాడు. ఆకాశం గులాబిరంగులో ఉంది. అమ్మాయి గ్లోబు పట్టుకొచ్చి నిలదీసింది. మామయ్య ఊరూ మన ఊరూ ఒకే గీత మీద ఉన్నాయి, ఆయనకు కనబడి మనకెందుకు కనబడలేదు?

న్యాయమైన ప్రశ్నే. రెండూ 25 డిగ్రీల పైచిలుకు. కాని ధ్రువకాంతులు మన పటాల్లో గీతలను లెక్కచెయ్యవు, భూమి అయస్కాంతాన్ని చూసి నడుస్తాయి. ఆ అయస్కాంతపు ఉత్తర కొన అమెరికా వైపుకు ఒరిగి ఉంది. అందువల్ల ఆ లెక్కలో మయామీ సుమారు 35వ డిగ్రీ మీదికి జరుగుతుంది, దోహా 20కి దిగిపోతుంది. అదే రాత్రి లడఖ్‌లో హాన్లే వేధశాల కెమెరాలకు ఎర్రని కాంతి చిక్కింది. ఆ ఊరు అయస్కాంత లెక్కలో 24 పైన. అంటే మనకు తప్పిపోయింది ఎంతో దూరంలో కాదు.

ఎరుపే ఎందుకంటే, ఆకుపచ్చ కాంతి నూరు కిలోమీటర్ల ఎత్తున పుడుతుంది, ఎరుపు రెండువందలు దాటాక పుడుతుంది. రెండూ ఆక్సిజన్ చలవే. దూరం నుంచి వచ్చేవాడికి గుడి కనబడదు, గోపురం కలశమే ముందు కనబడుతుంది. అలాగే మనకు ఆ ఎరుపు ఒక్కటే, అదీ ఉత్తరాన దిగంతం అంచున.

ఇక 1872 సంగతి. ఆ ఏడు ఫిబ్రవరి 4న ధ్రువకాంతులు బొంబాయిలో కనబడ్డాయి, ఖార్టూంలోనూ కనబడ్డాయి. రెండూ మనకన్నా దక్షిణాన ఉన్నవే. ఆ రాత్రి మబ్బు లేకపోతే ఈ తీరంలో వాళ్ళూ చూసే ఉండాలి. ముత్యాల వేట వేసవిది కనుక పడవలవాళ్ళు ఇళ్ళ దగ్గరే ఉండే కాలం. ఏమనుకున్నారో!

ఇంకొక మాట. జ్వాల వచ్చిందన్న వార్త వినగానే డాబా ఎక్కకండి. జ్వాల మెరుపులాంటిది, ఎనిమిది నిమిషాల్లో ఇక్కడుంటుంది. పగటివైపు రేడియోలను కాసేపు పాడుచేసి పోతుంది. ధ్రువకాంతులు తెచ్చేది వెనకాల వచ్చే మేఘం. దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, ఒక్కొక్కసారి అసలు మనవైపే రాదు. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి ఎగిరిన ఆదిత్య ఎల్‌-1 వంటి నౌకలు 15 లక్షల కిలోమీటర్ల ముందు కాపలా కాస్తాయి. మేఘం వాటిని దాటాక మనకు మిగిలేది అరగంటో, గంటో.

ఆ వ్యవధిలో అబూ హమూర్ నుంచి ఎటు వెళ్ళాలి? నక్షత్రాలనగానే మనవాళ్ళు కారు దక్షిణపు ఎడారి వైపు తిప్పుతారు. 2019 డిసెంబరు 26 కంకణ గ్రహణానికి అది సరైన దారే. దీనికి మాత్రం తప్పు, దోహా వెలుగంతా కళ్ళెదుట ఉత్తరానే ఉంటుంది. అల్ రువైస్ వెళ్ళాలి. నూరు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ ఉత్తరాన సముద్రమే. ఫోనును రాయికి ఆనించి పది సెకన్ల ఫోటో తీస్తే కంటికి ఆనని ఎరుపు కూడా పడుతుంది. పడకపోవడానికే ఎక్కువ అవకాశం, ముందే చెబుతున్నాను. శిఖరదశ 2024లో వచ్చిపోయింది కదా అనకండి, 2003 నాటి పెద్ద తుఫానులు కూడా శిఖరం దాటాక వచ్చినవే.

అత్తగారు మొన్న కాకినాడ నుంచి ఫోను చేశారు. "ఆ ఎర్ర వెలుగు మా ఊరికి వస్తుందా, అల్లుడుగారూ?"

"కష్టమండీ" అన్నాను.

"అయితే నేనే వస్తాను. వచ్చినప్పుడు అర్ధరాత్రయినా సరే, నన్ను లేపండి."