కలివికోడి ఫొటో

కడప జిల్లా లంకమల కొండల దిగువన ముళ్లపొదల అడవి ఉంది. కలివి పొదల మధ్య తిరుగుతుంది కనుక అక్కడివారు ఆ పక్షిని కలివికోడి అన్నారు. పగలంతా నీడలో అణిగి ఉండి, చీకటి పడ్డాక మేతకు బయలుదేరుతుంది. 1900 తరువాత అది శాస్త్రజ్ఞుల కంట పడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక వేటగాడు రాత్రివేళ దీపపు వెలుగులో దానిని పట్టుకున్నాడు. కలివికోడి ఇంకా ఉందని లోకానికి తెలిసింది. చేజిక్కిన ఆ పక్షి మాత్రం బతకలేదు.

అరుదైన పక్షిని ఫొటో తీయాలనుకునేవారు ఈ సంగతి మరువరాదు. టార్చిలైటుతో పొదలన్నీ గాలించడం, రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని రప్పించడం కొందరికి నేర్పుగా తోచవచ్చు. పక్షి జాడ తెలుసుకోవడానికి పరిశోధకులు కూత వినిపించారంటే అర్థముంది. వేడుక కోసం అదే పని చేయడం తగదు. తన తావులోకి మరో పక్షి చొరబడిందని భ్రమపడి అది మేత మానుకోవచ్చు.

ఇంతకన్న మంచి మార్గం ఆ అడవిలోనే దొరికింది. పరిశోధకులు పొదల నడుమ మెత్తని మట్టి పరచి, ఉదయాన్నే అడుగుజాడలు వెదికారు. పక్షి ఎదురుగా వచ్చినప్పుడు తమంతట తామే ఫొటో తీసే కెమెరాలు అమర్చి వెళ్లిపోయారు. 2002లో ఈ పద్ధతిని ప్రకటించారు. అటువంటి ఫొటో ముఖచిత్రానికి పనికిరాకపోవచ్చు. కాని, 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఆ పొదల్లోకి వచ్చినప్పుడు, పక్షి ఉన్నదని చూపే ఇలాంటి ఆధారాలతోనే కాలువ దారి మార్పించగలిగారు.