హెచ్‌పీ చూసి కొంటున్నాం, లాగుడు అడుగుతున్నామా?

పోయిన నెల మా ఊరి టీ అంగడి దగ్గర ఇద్దరు పిల్లోళ్లు గట్టిగా వాదులాడుకుంటున్నారు. కొండలు, ఇసుక, బురద ఎక్కే పెద్ద జీపులకు ఆరు సిలిండర్ల ఇంజిన్ వరసగా ఉంటే లాగుడెక్కువా, 'వీ' ఆకారంలో ఉంటే ఎక్కువా అని. ఇద్దరి ఇళ్లలోనూ అట్లాంటి బండి లేదు. ట్రాక్టర్లున్నాయి, వాటి కిస్తీలున్నాయి. తీర్పు నన్ను చెప్పమన్నారు. నేను పదో తరగతి చదివినవాణ్ణి, ఇంజనీరును కాను. ముప్పై ఏళ్లుగా ట్రాక్టరు నడుపుతున్నాను, అంతే. అయినా ఆ తగాదాలో మనకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది కాబట్టి రాస్తున్నాను.

వరస ఇంజిన్లో ఆరు సిలిండర్లూ ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. ముందు మూడు, వెనక మూడు అద్దంలో బొమ్మ మాదిరి ఆడతాయి. ఒకదాని ఊపును ఇంకొకటి కొట్టేస్తుంది కాబట్టి అదురు చాలా తక్కువ. కాకపోతే ఇంజిన్ పొడుగు. 'వీ'లో మూడు ఇటు, మూడు అటు వాలి ఉంటాయి. పొట్టిగా ఉంటుంది, కారు ముందుభాగంలో అడ్డంగా కూడా ఇముడుతుంది. అయితే హెడ్లు రెండు, హెడ్ గ్యాస్కెట్లు రెండు, అదురు ఆపడానికి కొన్నిటిలో ఇంకో షాఫ్టు. మెకానిక్ విప్పాల్సింది పెరుగుతుంది.

మరి లాగుడు? అది ఆకారంలో లేదు. టయోటా ల్యాండ్ క్రూజర్‌నే తీసుకోండి. పాత 1హెచ్‌జడ్ డీజిల్ ఇంజిన్ వరస ఆరు సిలిండర్లది, 4.2 లీటర్లు, టర్బో లేదు. దాని టార్క్, అంటే తిప్పే బలం, 285 న్యూటన్ మీటర్ల దగ్గర. 2021లో వచ్చిన 300 మోడల్‌లో 'వీ' ఆరు సిలిండర్ల డీజిల్, 3.3 లీటర్లే, టార్క్ 700. రెట్టింపు దాటింది. 'వీ' గెలిచిందని ఒక పిల్లోడు ఎగిరి గంతేశాడు. గెలిచింది 'వీ' కాదు నాయనా, రెండు టర్బోలు, ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే పద్ధతి. అవే వరస ఇంజిన్‌కు పెట్టినా లాగుతుంది. అమెరికాలో 1989లో డాడ్జ్ పికప్ బండికి కమిన్స్ 5.9 లీటర్ల వరస ఆరు సిలిండర్ల ఇంజిన్ పెట్టారు. హెచ్‌పీ 160 మాత్రమే, టార్క్ మాత్రం 540 దాకా. బరువు లాగేవాళ్లు దానికోసం ఎగబడ్డారు. అది వ్యవసాయ యంత్రాల్లోనూ వాడిన ఇంజినే.

మన వరి కోత మిషన్లలో చాలావాటికి ఉండేది అశోక్ లేలాండ్ ఆరు సిలిండర్ల వరస ఇంజినే. ట్రాక్టరుకూ మూడో నాలుగో సిలిండర్లు వరసగానే ఉంటాయి. దానికి కారణముంది. మన ట్రాక్టరుకు లారీకి ఉన్నట్టు వేరే ఛాసిస్ ఉండదు. ముందు ఇరుసు, ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, ఇంజినే వెన్నుపూస. సన్నగా ఉంటేనే ముందు చక్రాలు బాగా తిరుగుతాయి, సాలు కనబడుతుంది. మాసీ ఫెర్గూసన్ వాళ్లు ఒకప్పుడు 1150 మోడల్‌కు 'వీ' ఎనిమిది సిలిండర్ల పెర్కిన్స్ ఇంజిన్ పెట్టారు గానీ ఆ దారి నిలబడలేదు.

ఇక అసలు మాట. మా నంద్యాల వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసేవుంటారు. ఎద్దుల జత ఎంత వేగంగా పరిగెత్తగలదని ఎవడూ అడగడు. బండ బరువెంత, ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగింది, అదే లెక్క. ఎద్దుల దగ్గర ఇంత తెలివిగా ఉండేవాళ్లం, షోరూమ్‌లోకి పోగానే "ఎన్ని హెచ్‌పీ?" అని ఒక్కమాట అడిగి సంతకం పెడతాం.

హెచ్‌పీ అంటే బలం, వేగం కలిపిన లెక్క. 50 హెచ్‌పీ ఇంజిన్ 2000 చుట్ల దగ్గర ఆ శక్తి ఇస్తే టార్క్ 178. అదే 50 హెచ్‌పీ 2500 చుట్ల దగ్గర ఇస్తే 142. గేర్లతో ఆ తేడా సర్దుకోవచ్చు, కాదనను. కానీ రోటవేటర్ గట్టి నేలకు తగిలి ఇంజిన్ కుంగుతుంది చూడండి, అప్పుడు బయటపడుతుంది గుట్టు. చుట్లు తగ్గేకొద్దీ బలం పెరిగే ఇంజిన్ దాటుకుని పోతుంది. పెరగనిది ఆగిపోతుంది. దీన్నే బ్యాకప్ టార్క్ అంటారు.

నాకిది సొంత డబ్బుతో తెలిసింది. ఏడేళ్ల కింద పాత మూడు సిలిండర్ల బండి అమ్మి, ఇంకో ఆరు హెచ్‌పీ ఎక్కువని కొత్తది తెచ్చాను. రోడ్డు మీద ట్రాలీతో బాణంలా పోయేది. నల్లరేగడిలో తడి ఆరకముందే దిగితే గేరు మీద గేరు తగ్గించాల్సిందే. పాతదానికంటే బరువు కూడా తక్కువ, చక్రాలు ఉన్నచోటే తిరిగేవి. వెనక టైర్లలో నీళ్లు పట్టించాను, ముందు బరువులు వేశాను, కొంత మేలైంది. డీలరును అడిగితే "నడిపేది సరిగా నడపాలి" అన్నాడు. నడపడం నాకు నేర్పించాడు! ఆరు నెలలకొక కిస్తీ చొప్పున అయిదేళ్లు కట్టాను ఆ పాఠానికి.

ఆ బండి బరువు, పీటీవో దగ్గర నిజంగా వచ్చే శక్తి, బ్యాకప్ టార్క్, కొక్కెం దగ్గర లాగుడు, చక్రం జారుడు, డీజిల్ ఖర్చు అన్నీ కేంద్ర ప్రభుత్వ పరీక్షా నివేదికలో ఉంటాయని నాకు అప్పుడు తెలియదు. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో ఈ పరీక్షలు చేస్తారు. లాగుడు చూసేది గట్టి ట్రాక్ మీద, కాబట్టి మన రేగడిలో అంత రాదు. అయినా రెండు బండ్లను పక్కపక్కన పెట్టి చూడ్డానికి అంతకంటే నికరమైన లెక్క లేదు. ఆ కాగితాలు ఇంగ్లీషులో పదుల పేజీలు. రంగుల బ్రోచరు మాత్రం తెలుగులో చక్కగా అచ్చేస్తారు.

మండల కమిటీలో నేను పెట్టబోయే తీర్మానం ఇది: ప్రతి షోరూమ్‌లో, ప్రతి మోడల్ పక్కన, నివేదికలోని ఈ ఆరు అంకెలు తెలుగులో రాసి పెట్టాలి. అప్పిచ్చే బ్యాంకు కూడా ఆ కాగితం రైతు చేతికి ఇచ్చాకే సంతకం తీసుకోవాలి. పైసా ఖర్చు లేని పని. ఎందుకు చేయరో చెప్పమనండి.

అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. శనగ కోతలయ్యాక మా మండలం నుంచి ఒక జట్టుగా అక్కడికి పోయి ఈ నివేదికలు ఎట్లా చదవాలో అడిగి తెలుసుకోవాలనుకుంటున్నాం. టీ అంగడి దగ్గర తగాదా పడ్డ ఇద్దరూ పేర్లిచ్చారు. కొత్త ట్రాక్టరు కొనే ఆలోచన ఉన్నవాళ్లు, బయానా ఇవ్వకముందే సంఘం ఆఫీసులో పేరు రాయించండి.