సన్మానాల ఏడాదిలో పనికీ ఒక రోజు

జనవరి వచ్చిందంటే అనకాపల్లి వైపు వడ్డాది, చోడవరం, మాడుగుల దుకాణాల గోడల మీదికి సంఘాల క్యాలెండర్లు ఎక్కుతాయి. విశ్వబ్రాహ్మణ సంఘం వారిదైతే పైన వీరబ్రహ్మేంద్రస్వామి, కింద వరసగా గౌరవాధ్యక్షుడు, అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి. ఇన్ని ఫొటోలు పోగా తేదీలకు జానెడు చోటు మిగిలితే గొప్పే.

ఆ జానెడు చోటులోనే అధ్యక్షుడి ఏడాదంతా ఉంటుంది. వైశాఖ శుద్ధ దశమికి బ్రహ్మంగారి ఆరాధన, అన్నదానం. శ్రావణ పౌర్ణమికి జంధ్యాలు. సెప్టెంబర్ 17న విశ్వకర్మ జయంతి, ఊరేగింపు. దసరాకి ఆయుధపూజ. కార్తీకంలో ఒక ఆదివారం వనభోజనాలు. మధ్యలో పెళ్లిళ్లు, పరామర్శలు, పోలీస్ స్టేషన్ దాకా పోకుండా ఆపాల్సిన అన్నదమ్ముల తగాదాలు. ఇన్నీ మోసేవాడికి జీతం లేదు. పగలు కొలిమి దగ్గరో బాడిస దగ్గరో కూర్చుంటేనే ఇల్లు గడుస్తుంది. "నువ్వు రాకపోతే ఎలాగన్నా?" అని ఒక్క ఫోన్ వస్తే చేతిలో పని పక్కన పెట్టి చొక్కా మార్చుకోవాల్సిందే. దీన్ని దండగ వ్యవహారమనే వాళ్లకి ఊరు తెలియదు. ఆపద వస్తే చందా పోగయ్యేది, పెళ్లి సంబంధం కుదిరేది, తాత పరిచయాలు తెలియని మనవడికి పది మంది తెలిసేది ఈ వనభోజనాల పంక్తిలోనే.

ఈ నేలకి సంఘాలు కొత్త కాదు. వడ్డాది ఒకప్పటి ఒడ్డాది, మత్స్యరాజుల ఏలుబడిలోని సీమ. ఆ వంశపు అర్జునుడు 1269లో వేయించిన దిబ్బిడ రాగిరేకులు చరిత్రకారులకు బాగా తెలిసినవే. శాసనం పేరు రాజుదే కానీ, రేకు సాగగొట్టి అక్షరం చెక్కాలంటే లోహం పట్టు తెలిసిన చెయ్యి కావాలి. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అనే అయిదు వృత్తుల వారిని పాత తెలుగు శాసనాలు పంచాణం వారని ఒక కట్టుగా పేర్కొంటాయి. అప్పట్లో ఆ కట్టుకి గుర్తింపు పనితనం వల్ల వచ్చింది.

ఇప్పటి క్యాలెండర్లో లేనిది ఆ పనితనమే.

పనితనాన్ని వదలని సంఘం కావాలంటే, లండన్‌లో గోల్డ్‌స్మిత్స్ కంపెనీ అని కంసాలుల సంఘం ఒకటుంది. రాజపత్రం అందింది 1327లో. అక్కడా విందులకు కొదవ లేదు. గౌన్లు, వెండి గిన్నెలు, ఊరేగింపులు, ఎవరి తర్వాత ఎవరు నడవాలన్న పట్టింపులు, ఆ విషయంలో మన పెళ్లి పెద్దలు వాళ్ల ముందు దిగదుడుపే. కానీ ఆ వేడుకల నడుమ ఏటా ఒక పరీక్ష ఉంటుంది. ప్రభుత్వ టంకశాల కొట్టిన నాణేల్లోంచి కొన్ని తీసి సంఘం భవనంలో జ్యూరీ ముందు పెడతారు. బరువు, లోహం సరిగా ఉన్నాయో లేదో చూసి తీర్పు చెబుతారు. ఏడు వందల ఏళ్లు దాటిన ఆనవాయితీ అది. నగల మీద ముద్ర వేసే పరీక్షశాలని కూడా ఇప్పటికీ ఆ కంపెనీయే నడుపుతోంది. అంత మాత్రాన ఆ సంఘాలన్నీ ఆదర్శమని కాదు. లండన్‌లో అలాంటివి వందకు పైగా ఉంటే, చాలా వాటిలో అసలు వృత్తి ఎప్పుడో జారిపోయి విందూ దానధర్మమూ మిగిలాయి. మనవీ ఆ దారి పట్టకూడదనే బెంగ.

మన కంసాలికి ముద్ర వేసే హక్కు ఎన్నడూ దక్కలేదు సరికదా, 1963లో బంగారం నియంత్రణ వచ్చి 14 క్యారెట్లు మించి నగ చేయకూడదంది. దేశమంతటా వేల కుటుంబాల్లో కొలిమి ఆరింది. 1968లో చట్టమై, 1990లో గానీ అది రద్దు కాలేదు. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ దశలవారీగా తప్పనిసరి అయింది. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసేవారికి మినహాయింపు ఉంది, నిజమే. అయితే టీవీలో ప్రకటన చూసి వచ్చిన ఆడపడుచుకి మినహాయింపుతో పనేముంది? హాల్‌మార్క్‌తో ఉండే ఆరు అక్షరాల నంబరు ఏదని అడుగుతుంది. చెవి దిద్దుల మరలు సరిచేయించుకోవడానికి వడ్డాది కంసాలి కావాలి, దిద్దులు కొనడానికి మాత్రం అనకాపల్లి షోరూం.

సంఘం చేయగల పని ఇక్కడే ఉంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. పనిముట్లకి 15 వేల దాకా సాయం, శిక్షణ రోజుకి 500 రూపాయల భత్యం, 5 శాతం వడ్డీకి ముందు లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. దరఖాస్తు పెట్టేది కామన్ సర్వీస్ సెంటర్లో, మొదటి పరిశీలన పంచాయతీలో. ఊళ్లో ఎవరు నిజంగా చిత్రిక పడుతున్నారో, ఎవరు కాగితం మీద మాత్రమే వడ్రంగో సంఘానికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? జయంతి నాటి ఊరేగింపు బాజాల ఖర్చులో సగం పెట్టినా పాఠశాల ఆవరణలో కుర్రాళ్లకి పనితనం పోటీ జరుగుతుంది. బెల్లం సీమ కాబట్టి చెరకు కత్తికి పదును పెట్టడం ఒక అంశంగా పెట్టినా బాగుంటుంది.

మరో సంగతి కుర్చీది. గోల్డ్‌స్మిత్స్ పెద్దని ప్రైమ్ వార్డెన్ అంటారు. పదవి ఏడాదే. కింద ముగ్గురు వార్డెన్లు మెట్టు మెట్టుగా పైకి వస్తారు కాబట్టి కూర్చునేనాటికే పని తెలిసి ఉంటుంది. ఏడాదికొకరు మారితే సంఘం నిలుస్తుందా అనే వారు అంత దూరం చూడనక్కర్లేదు. 1961లో మొదలైన ఆర్యవైశ్యుల వాసవి క్లబ్బుల్లో ఊరూరా ఏటా కొత్త అధ్యక్షుడు వస్తూనే ఉన్నాడు. మన వృత్తి సంఘాల్లో మాత్రం చాలాచోట్ల ఒకసారి ఎక్కినవారు దిగరు. దిగమనడానికి ఎవరికీ నోరు రాదు, ఎందుకంటే అందరి ఇంటి పెళ్లికీ ఆయనే పెద్ద. మహిళా విభాగం అని రాసుకుంటారు గానీ వనభోజనాల్లో వడ్డన దాటి ఆ విభాగానికి పని చెప్పరు. ఇంటి లెక్క పైసాతో సహా చూసుకునే ఆడవాళ్లకి కోశాధికారి పదవి ఇస్తే ఏమవుతుందో ఒక ఏడాది చూడొచ్చు.

ఎలాగూ కార్తీకంలో ఉసిరి చెట్టు కింద అందరూ చేరతారు. ఎమ్మెల్యే గారు వచ్చేలోపు గంట, రెండు గంటల ఖాళీ తప్పదు. చందా ఎంత వచ్చింది, శాలువాలకి ఎంత, షామియానాకి ఎంత, బ్యాంకులో మిగిలిందెంత అని ఆ ఖాళీలో మైకులో చదివేయొచ్చు. వచ్చే ఏటి అధ్యక్షుడి పేరూ అక్కడే, ఆకులు వేయకముందే తేల్చేయొచ్చు.