ఆ బొమ్మ కింద ఎవరి పేరు?

ధనుర్మాసంలో ఎప్పుడైనా మైపాడు వైపు పల్లెలకి తెల్లవారుజామున వెళ్ళి చూడండి. పేడనీళ్ళు చల్లిన వాకిట్లో, వీధిదీపం వెలుగులో, ఒంగోని ముగ్గేస్తున్న ఆడవాళ్ళు కనిపిస్తారు. ఇరవయ్యొక్క చుక్క పెట్టి, చెయ్యెత్తకుండా కలిపేస్తారు. స్కేలు లేదు, పెన్సిలు లేదు, తప్పు చెరిపేందుకు రబ్బరు అంతకంటే లేదు. తొమ్మిది కొట్టేసరికి పాలవాడి సైకిలూ, పిల్లల స్కూలు ఆటో దానిమీదుగానే పోతాయి. మర్నాడు మళ్ళీ కొత్త ముగ్గు.

మా మేనత్త యాభై ఏళ్ళుగా ఈ పని చేస్తోంది. ముగ్గులే కాదు, దిండు గలేబుల మీద చిలకలూ, పెళ్ళి అరుగుల మీద ఏనుగులూ, గోడల మీద కృష్ణుడి పాదాలూ ఆవిడ చేతివే. "అత్తా, నువ్వు పెద్ద ఆర్టిస్టువి తెలుసా!" అని ఒకసారి అంటే, "పోమే! ముగ్గేసినోళ్ళంతా ఆర్టిస్టులైతే ఇంక అన్నం వండేదెవురు?" అని నవ్వేసింది.

ఆ మాట నాకు రాజమండ్రిలో గుర్తొచ్చింది. పుష్కరాల రేవు చూసుకుని, దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్ళాం. రామారావు గారి పేరు మీరు వినే ఉంటారు. 1897లో పుట్టారు. కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే దొర ఈయనలోని విద్య గుర్తించి, బొంబాయి జె.జె. స్కూలుకి పంపించారు. చదువు పూర్తయ్యాక బొంబాయిలో ఉండిపోకుండా సొంత ఊరికే వచ్చి, 1920ల మొదట్లో అక్కడే చిత్రకళాశాల పెట్టారు. 1925 ఫిబ్రవరిలో మశూచి ఆయన్ని తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళు నిండనేలేదు.

ఆయన గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు, రాయాల్సిందే. నేను చెప్పబోయేది ఆ ఇంట్లో కుంచె పట్టిన ఇంకో ఇద్దరి గురించి. ఒకరు ఆయన భార్య సత్యవాణి గారు. రెండోవారు ఆయన సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ గారు. ఆంధ్రదేశంలో ఆధునిక పద్ధతిలో బొమ్మలు వేసిన తొలి ఆడవాళ్ళని చెప్పుకోవాలంటే ఈ ఇద్దరి పేర్లూ ముందు రావాలి. కానీ మన పుస్తకాల్లో వీళ్ళ ప్రస్తావన ఎట్లా వస్తుందంటే, "రామారావు గారి భార్య, సోదరి కూడా చిత్రకారిణులే" అని ఒక్క వాక్యం. ఆ "కూడా" దగ్గరే నాకు పేచీ.

కాలం ఎట్లాంటిదో చూడండి. సత్యవాణి గారి పెళ్ళి 1919లో జరిగింది. వీరేశలింగం గారు కన్నుమూసింది ఆ ఏడే. ఆయన 1881లో తొలి వితంతు వివాహం జరిపించిన ఊరే ఇది. అయినా అప్పటికి లోకం మారిందెంత? భర్త పోయిన ఆడదాని నుదుట బొట్టు, చేతికి గాజులు, ఒంటిమీద రంగుచీర, ఏదీ ఉండకూడదు. పెళ్ళైన ఆరేళ్ళకి సత్యవాణి గారు ఆ స్థితికి వచ్చారు. రంగు అనే మాటే ఆడదానికి ఇంత ముడిపడి, ఇంత భయపెడుతూ ఉన్న రోజుల్లో, రంగులు కలపడం, కాయితం మీద పరచడం ఒక విద్యగా నేర్చుకున్న ఆడవాళ్ళు వీళ్ళు. దాన్ని "కూడా"లో సరిపెట్టేస్తే ఎలా?

ఒక మాట ఒప్పుకోవాలి. రాజమండ్రి ఊరు రామారావు గారిని మరిచిపోకుండా ఆ గ్యాలరీ నిలబెట్టుకుంది కాబట్టే, శిష్యులు వరదా వెంకటరత్నం గారి లాంటివాళ్ళు ఆ బడిని భుజాన మోశారు కాబట్టే, ఈ ఇద్దరి పేర్లన్నా మనదాకా వచ్చాయి. ఊరు పట్టించుకోకపోతే ఆ ఒక్క వాక్యం కూడా ఉండేది కాదు.

ఊరు పట్టించుకుంటే ఏమవుతుందో చెప్పడానికి కేరళ దాకా పోవాలి. పొన్నాని అని, అదీ మన కృష్ణపట్నంలాగా సముద్రం ఒడ్డే. దాని దగ్గర కడంచేరి అనే పల్లెలో 1940లో టి.కె. పద్మిని పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. మేనమామ దివాకర మీనన్ చదివించాడు. పిల్ల బొమ్మలు వేస్తుంటే "ఇవి కూడు పెడతాయా?" అనకుండా, చిత్రకారుడు నంబూద్రి దగ్గర నేర్పించారు. పొన్నాని కవి ఇడశ్శేరి గోవిందన్ నాయర్ వెన్ను తట్టాడు. ఆపైన మద్రాసు ఆర్ట్స్ కాలేజీలో కె.సి.ఎస్. పణిక్కర్ దగ్గర చదువు. నెల్లూరు నుంచి మూడు గంటల రైలు దూరంలో ఉన్న మద్రాసుకి మనవాళ్ళు పట్టుచీరలకీ, పెద్దాసుపత్రికీ, సినిమా ఛాన్సులకీ పోతున్న రోజులవి. ఆ పిల్ల 1960ల మొదట్లో అంత దూరం నుంచి బొమ్మలు నేర్చుకోడానికి వచ్చింది.

మద్రాసులోనే డ్రాయింగ్ టీచర్‌గా పనిచేసింది. పల్లె ఆడవాళ్ళని, వాళ్ళ ఒంటరితనాన్ని, ఎవరి మెప్పూ కోరకుండా వేసింది. 1968లో తోటి చిత్రకారుడు దామోదరన్‌ని పెళ్ళి చేసుకుంది. మరుసటేడు మే 11న కాన్పులో పోయింది. తెల్లవారితే ఇరవై తొమ్మిది నిండేవి. చివరి రోజుల్లో వేసిన బొమ్మల్లో గాలిపటం ఎగరేసే పిల్ల ఒకటి. అది చూస్తే ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది.

అంత చిన్న జీవితం. అయినా ఆమె పేర స్మారక ట్రస్టు ఉంది. ఆమె బొమ్మల్ని కేరళ లలితకళా అకాడమీ జాగ్రత్త చేసింది. ఆమె జీవితం మీద మలయాళంలో సినిమా వచ్చింది. అక్కడ ఆమె ఎవరి భార్య కూడా కాదు, ఎవరి చెల్లెలు కూడా కాదు. టి.కె. పద్మిని, అంతే.

మరి మన నెల్లూరు? మన దగ్గర గొప్ప ఆడవాళ్ళు లేరా అంటే ఎందుకు లేరు! పొణకా కనకమ్మ గారు 1923లో కస్తూరిదేవి విద్యాలయం మొదలుపెడితే, దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆ బళ్ళో చదువుకున్న మా పెద్దమ్మలు ఆవిడ పేరు చెప్తే ఇప్పటికీ దణ్ణం పెడతారు. అయినా చూడండి, కనకమ్మ గారు పోయింది 1963లో. ఆవిడ ఆత్మకథ "కనకపుష్యరాగం" పుస్తకంగా వచ్చింది 2011లో. నలభై ఎనిమిదేళ్ళు! ఊరికి బడి కట్టించిన ఆవిడ రాతకే ఇంత ఆలస్యమైతే, వంటింటి గోడల మీద బొమ్మలేసే ఆడవాళ్ళ సంగతి ఎవరడుగుతారు?

మా వీధిలో ఇంటర్ చదివే పిల్ల ఒకతి ఉంది. పులికాట్ కొంగల్ని వేస్తే, రెక్కల కింద ఎరుపు దగ్గర మన చూపు ఆగిపోతుంది. ఫైన్ ఆర్ట్స్‌లో చేరతానని ఇంట్లో గొడవ. వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, "నువ్వైనా చెప్పక్కా, బొమ్మలేసుకుంటా కూచుంటే రేపు సంబంధాలొస్తాయా?" అంది. ఆమెని తప్పుపట్టలేను. ఆమెకి ఈ దారిన నడిచి బాగుపడ్డ ఆడపిల్లని ఒక్కదాన్నైనా మనం చూపించామా? ఇంజనీరింగ్ అయితే పది పేర్లు చెప్తాం. అందుకే సత్యవాణి గారి పేరు, బుచ్చికృష్ణమ్మ గారి పేరు, పద్మిని పేరు ఆ తల్లికి వరసగా చెప్పాను. కడపలో 2020లో ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పెట్టారనీ, అది మనకి అందనంత దూరమేం కాదనీ కూడా చెప్పాను. "ఆలోచిస్తాం" అని వెళ్ళింది. పిల్ల మాత్రం గుమ్మం దగ్గర నిలబడి అంతా వింది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ముగ్గుల పోటీలకి కుక్కర్లూ స్టీలు గిన్నెలూ ఇవ్వడం మానమనను, అవీ కావాలి. వాటితోపాటు గెలిచిన ముగ్గుని ఫోటో తీసి, వేసినావిడ పేరు పూర్తిగా రాసి పెట్టండి. "ఫలానావారి శ్రీమతి" అని కాదు, ఆవిడ పేరు. ఏడాదికి ఒక్క వారం పురమందిరంలోనో, ఏ బడి హాల్లోనో మన జిల్లా ఆడవాళ్ళ బొమ్మలు గోడకి తగిలించండి. అటు రాజమండ్రి వెళ్ళేవాళ్ళు పుష్కర ఘాట్‌తో తిరిగొచ్చెయ్యకుండా, ఆడపిల్లల్ని ఆ గ్యాలరీకి తీసుకెళ్ళి, ఆ ఇద్దరి బొమ్మలు ఎక్కడున్నాయని అడగండి. నలుగురూ అడిగితే చూపించేవాళ్ళకీ పట్టింపు వస్తుంది.

మొన్న సెలవులకి మా అత్త దగ్గరికెళ్ళినప్పుడు డ్రాయింగ్ షీటూ, రంగులూ తీసుకెళ్ళాను. మొదట వద్దంది. నేలయితే వస్తుందిగానీ కాయితం మీద చెయ్యి ఆడదంది. తర్వాత మధ్యాన్నమంతా కూర్చుని, తామరాకుల మధ్య రెండు హంసలు వేసింది. "కింద పేరు రాయత్తా" అన్నాను.

"ఎవురి పేరు మే? మీ మామ పేరా?"

"నీ పేరే."

పెన్సిలు పట్టుకుని చాలాసేపు అట్టాగే కూర్చుంది. చివరికి ఓ మూలన, చీమంత, మొదటి అక్షరం ఒక్కటి పెట్టింది. మిగతాది వచ్చే సంక్రాంతికి రాస్తానంది.